చేపలన్నీ బతికాయి, రొయ్య ఒక్కటీ నిలవలేదు: మంచినీళ్ల నుంచి ఉప్పునీళ్లకు మారిన ఒక ట్యాంకు కేసు

ఇది హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో జరిగిన కేసు. ఇంటివాళ్ల అనుమతి తీసుకునే రాస్తున్నాను. పేరు, పేట, ఉద్యోగం చెప్పను. ఎదురుగా ఎలా పిలుస్తానో ఇక్కడా అలాగే 'సార్' అంటాను. అక్వేరియాలు పెట్టివ్వడం, తర్వాత వాటిని చూసుకోవడం నా వృత్తి. మంచినీళ్ల ట్యాంకు నుంచి మెరైన్‌కి మారేవాళ్లలో కొత్తవాళ్ల కంటే పాతకాపులకే ఎక్కువ ఇబ్బందులు రావడం చాలాసార్లు చూశాను. ఎందుకలా అన్నది ఈ ట్యాంకు దగ్గరే నాకు బాగా తెలిసొచ్చింది. అందులో నా తప్పు కూడా ఉంది, అదీ రాస్తాను.

నేపథ్యం

సార్ పదకొండేళ్లుగా చేపలు పెంచుతున్నారు. అందులో చివరి ఆరేళ్లు డిస్కస్, అంటే మంచినీళ్ల చేపల్లో పెంచడం కష్టమైన రకం. తెలిసినవాళ్లకు ఆ ఒక్క మాట చాలు, మనిషి ఎంత ఓపికస్తుడో అర్థమవుతుంది. డిస్కస్‌కి నీళ్లు మెత్తగా, అంటే లవణాలు తక్కువగా ఉండాలి, 28 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం కావాలి, వారంలో రెండుసార్లు సగం నీళ్లు మార్చాలి. మన బోరు నీళ్లకు అది కుదురుకోదు. అందుకే ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ టీడీఎస్ పెన్ను ఉండేది, నీళ్లలో ఎంత కరిగి ఉందో అంకెలో చూపించేది. ఏ బకెట్టు కనబడినా ముంచి అంకె చూసేవారు. ఆ అలవాటే ఆరేళ్లు ఆయన చేపల్ని కాపాడింది.

ట్యాంకు నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. నిండా పోస్తే 255 లీటర్లు. రాళ్లూ ఇసకా పోను, ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టి, అంటే సంపు, దాని నీళ్లు కలిపి లెక్క వేస్తే తిరుగుతున్న నీళ్లు దాదాపు 210 లీటర్లు. ఈ 210 అన్న అంకె గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

జూలైలో ఆయన డిస్కస్‌లని ఒక స్నేహితుడికి ఇచ్చేసి ట్యాంకుని మెరైన్‌కి మార్చారు. అప్పటికి నేనింకా రంగంలోకి రాలేదు. ఆయన చాలావరకు సరిగ్గానే చేశారు. దొడ్డుప్పుతో సముద్రపు నీళ్లు కావని ఆయనకు తెలుసు. సోడియం క్లోరైడ్ ఒక్కటే కాదు, లీటరుకు 1,300 మిల్లీగ్రాముల దాకా మెగ్నీషియం, 400 పైచిలుకు కాల్షియం, దాదాపు అంతే పొటాషియం ఉండాలి. అందుకని మంచి మెరైన్ సాల్ట్ కొన్నారు. బాపట్ల నుంచి క్యాన్లలో సముద్రపు నీళ్లు తెప్పిస్తే చవక కదా అని ఒకరు సలహా ఇచ్చారట. ఆయన ఒప్పుకోలేదు, అదీ మంచిదే అయింది. గోదావరి, కృష్ణ, మహానది, పైనుంచి గంగ, అన్నీ బంగాళాఖాతంలోనే కలుస్తాయి. వానాకాలం చివర్లో మన తీరం వెంట ఉప్పదనం సముద్రంలో మామూలుగా ఉండే 35కి (వెయ్యి పాళ్లలో 35 పాళ్ల ఉప్పు) చాలా దిగువకి పడిపోతుంది. ఒక నెల తెచ్చిన నీళ్లకీ ఇంకో నెల తెచ్చిన నీళ్లకీ పొంతన ఉండదు.

లైవ్ రాక్, అంటే జీవులు పట్టి ఉన్న సముద్రపు పగడపు రాయి, దాని జోలికీ పోలేదు. రాతి పగడాలు మన వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద షెడ్యూల్ 1లో ఉన్నాయి, సముద్ర గుర్రాలు కూడా అంతే. మన తీరంలో పగడపు రాయి తీసి అమ్మడం నేరం. ఎవరైనా చవకగా ఇస్తానన్నారంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో అడగాలి. సార్ పోతపోసిన డ్రై రాక్ కొన్నారు. పెంచదలచుకున్నవి కూడా క్లౌన్ చేపలు. వీటిని తొట్లలో పుట్టించే పద్ధతులు మన సి.ఎం.ఎఫ్.ఆర్.ఐ. (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్లు తమిళనాడులోని మండపం, కేరళలోని విళింజం కేంద్రాల్లో ఎప్పుడో రూపొందించారు. సముద్రంలో పట్టాల్సిన పని లేని చేపతో మొదలుపెడదామన్నది ఆయన ఆలోచన. అది నాకు నచ్చింది.

మొదటి దెబ్బ

తప్పు జరిగింది ఫిల్టర్ దగ్గర. డిస్కస్ ట్యాంకు క్యానిస్టర్ ఫిల్టర్‌లో ఆరేళ్లు పండిన సిరామిక్ రింగులున్నాయి. వాటిని తీసి సంపులో వేశారు. బ్యాక్టీరియా ఎలాగూ ఉంది, సైకిల్ (చేపల వ్యర్థాల్లోని అమ్మోనియాని విరిచే బ్యాక్టీరియా కుదురుకోవడం) అయిపోయినట్టే అనుకున్నారు. మూడో రోజున రెండు డామ్సెల్స్, అంటే చిన్న సముద్రపు చేపలు, తెచ్చి వదిలారు. వారం తిరక్కుండా ఒకటి చచ్చిపోయింది. అప్పుడు నాకు ఫోన్ చేశారు.

నేను వెళ్లేసరికి అమ్మోనియా లీటరుకు 1 మిల్లీగ్రాము ఉంది. ఆయన ఆశ్చర్యం ఏమిటంటే, "ఇంత అమ్మోనియా పాత ట్యాంకులో ఒకసారి వచ్చింది, ఒక్క చేప కూడా పోలేదు సార్" అని. (ఆయన నన్నూ సార్ అనే అంటారు.) నిజమే, పోదు. నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. వాటిలో చేప మొప్పల్లోకి చొరబడేది ఒకటే. పీహెచ్ 7 దగ్గర ఆ విషపు రూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. మెరైన్ ట్యాంకు నడిచేది 8.2 దగ్గర. అక్కడ అది నూటికి ఐదు పాళ్లు దాటుతుంది. టెస్ట్ కిట్‌లో రంగు ఒకటే, చేపకు తగిలే దెబ్బ మాత్రం పది రెట్లు. పాత రింగుల్లో బ్యాక్టీరియా చాలామటుకు ఒక్కసారిగా 35 ఉప్పదనంలో పడగానే చతికిలబడింది.

మిగిలిన డామ్సెల్‌ని షాపువాళ్లకి తిరిగి ఇప్పించి, బ్యాక్టీరియా పెరిగేందుకు అమ్మోనియం క్లోరైడ్ చుక్కలతో ఖాళీ ట్యాంకుని ఐదు వారాలు నడిపించాం. దీని గురించి ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు. ఆగడమే మందు, ఆగాం, అయింది.

ఆ రోజున నేను అలవాటు ప్రకారం ఒక ప్రశ్న అడిగాను: నీళ్లు ఎక్కడివి? ఆయన బాల్కనీలో వరసగా పెట్టిన ఇరవై లీటర్ల క్యాన్లు చూపించారు. వాటర్ ప్లాంట్ నుంచి తెప్పిస్తున్న ఆర్‌ఓ నీళ్లు. పెన్ను ముంచారు, 45. నా పుస్తకంలో 'ఆర్‌ఓ, 45' అని రాసుకున్నాను.

అసలు సమస్య

ఆగస్టు చివర రెండు క్లౌన్లు, ఒక ఎల్లో టెయిల్ డామ్సెల్. సెప్టెంబరు మధ్యలో రెండు క్లీనర్ ష్రింప్‌లు, ఆరు నత్తలు, చిన్న రాతిముక్క మీద జొయాంథిడ్స్, అంటే పువ్వుల్లా విచ్చుకునే, పగడాలకు దగ్గరి జీవులు. క్లీనర్ ష్రింప్ అంటే ఒళ్లు ఎర్రగా, వీపు మీద తెల్ల గీతతో, మీసాలు పొడుగ్గా ఉండేది. సార్ వాళ్ల ఆవిడకి ఆ ట్యాంకులో నచ్చింది అదొక్కటే. 'ఎర్ర రొయ్య' అనేవారు. చెయ్యి నీళ్లలో పెడితే గోళ్ల మీదికెక్కి గీకేది.

అంతా బాగుందన్న ఫోటోలు నాకు అక్టోబరు దాకా వచ్చాయి. తర్వాత ఫోన్ రాలేదు. బాగున్నవాళ్లు ఫోన్ చెయ్యరు కాబట్టి నేనూ పట్టించుకోలేదు.

సంక్రాంతికి వారం ముందు ఫోన్ వచ్చింది. కార్తీక మాసంలో నత్తలు ఒకటొకటిగా రాళ్ల మీంచి జారి ఇసకలో వెల్లకిలా పడ్డాయి. నవంబరు చివర ఒక ష్రింప్, డిసెంబరు మొదట్లో రెండోది. ఆయన మళ్లీ కొన్నారు, పోయాయి. మళ్లీ కొన్నారు, ఇంకా తొందరగా పోయాయి. జొయాంథిడ్స్ మూసుకుపోయి మూడు వారాలు. చేపలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. రంగు తేలి, ఆకలితో అద్దం దగ్గరికి ఉరికొస్తున్నాయి.

కొలతలన్నీ తీశాను. అమ్మోనియా, నైట్రైట్ సున్నా. నైట్రేట్ 10. పీహెచ్ 8.1. ఉప్పదనం 35. ఉప్పదనం కొలిచే నా రిఫ్రాక్టోమీటర్‌ని 35 ద్రావణంతో సరిచూసుకుని మరీ కొలిచాను, సున్నా నీళ్లతో మాత్రమే సరిచూస్తే పైన తేడా రావచ్చు. నీళ్లు ఎక్కడివని మళ్లీ అడిగాను. "ఆర్‌ఓనే సార్, 60" అన్నారు. 'ఆర్‌ఓ, 60' అని రాసుకున్నాను. పై లైనులో 45, కింది లైనులో 60. చూస్తూ రాసి కూడా మధ్యలో ఏం మారిందని అడగలేదు.

ముందు ఏం అనుకున్నాం, ఏం చేశాం

ష్రింప్ ఒక్కరోజులో చచ్చిపోతే ముందుగా అనుమానించాల్సింది నీళ్ల మార్పు. చాలా షాపుల్లో ఉప్పు ఖర్చు తగ్గుతుందని, చేపలకు పురుగు తక్కువ పడుతుందని ఉప్పదనం తక్కువగా పెడతారు. చేప ఓర్చుకుంటుంది. ష్రింప్ తన ఒంటి ఉప్పుని చుట్టూ ఉన్న నీళ్లతో సమం చేసుకోవాలి, అందుకు దానికి సమయం కావాలి. సార్ తెచ్చిన కవరులో నీళ్లు కొలిస్తే 27. ట్యాంకులో 35. ఆయన డిస్కస్ పద్ధతిలో కవరు అరగంట తేల్చి, రెండు గ్లాసులు కలిపి వదిలేస్తున్నారు.

ఇదే కారణమని గట్టిగా అనిపించింది. సన్నటి గొట్టానికి ముడివేసి, సెకనుకు రెండు చుక్కల చొప్పున రెండున్నర గంటలు ట్యాంకు నీళ్లు ఎక్కించి కొత్త ష్రింప్‌ని వదిలాం. అది నాలుగు రోజులు బతికింది.

ఆ నాలుగు రోజులే మమ్మల్ని పక్కదారి పట్టించాయి. ఒక్కరోజు నాలుగు రోజులైందంటే సరైన దారిలోనే ఉన్నామనుకున్నాం. ఇప్పుడు వెనక్కి చూస్తే, అక్కడ రెండు సమస్యలున్నాయి. మేం ఒకటి తీశాం, దాంతో రెండోది పైకి తేలింది. కాస్త మెరుగు కనిపించగానే అదే కారణమని ఖాయం చేసుకోవడం నా వృత్తిలో నేను చేసే తప్పుల్లో అన్నిటికంటే పాతది.

తర్వాత అయోడిన్. ఆ నాలుగో రోజున ష్రింప్ పొర విడిచింది. విడిచిన పొర పక్కనే పక్కకి ఒరిగి, కాళ్లు మాత్రం ఆడిస్తూ గంటన్నర ఉండి పోయింది. పొర విడిచేటప్పుడు పోతే అయోడిన్ తక్కువని అంటారు. షాపువాళ్లు సీసా ఇచ్చారు, సార్ చుక్కలు వేశారు, నేను వద్దనలేదు. కొలవకుండా ఏదీ వెయ్యొద్దని అందరికీ చెప్పేవాణ్ని, ఆ ఇంట్లో ఆయన బాధ చూసి నోరు మెదపలేకపోయాను. మూడు వారాలు వేశారు. మరో ష్రింప్ పోయింది. ఇక కారణం దొరికేదాకా ఏ ప్రాణినీ కొనొద్దని చెప్పాను. ఆయనా అదే అనుకుంటున్నారు, మాట మాత్రం నా నోట రావాలని చూస్తున్నట్టున్నారు.

రాత్రి పది గంటలకు అద్దం మీద

పగలు వచ్చిన ప్రతిసారీ ట్యాంకు శుభ్రంగా కనిపిస్తోంది. అదేదో తేడాగా అనిపించింది, చెప్పడానికి మాట దొరకలేదు. ఒకరోజు పని ముగించుకుని రాత్రి పదింటికి వెళ్లాను. లైట్లన్నీ ఆర్పించి, టార్చి అద్దానికి ఆనించి చూశాను. ఆరునెలల మెరైన్ ట్యాంకులో ఆ వేళకి అద్దం మీద ఆవగింజలో పదోవంతు తెల్ల చుక్కలు గెంతుతూ ఉండాలి. అవి కోపెపాడ్లు, రొయ్యలకు దూరపు చుట్టాలైన అతిచిన్న జీవులు. రాళ్ల సందుల్లోంచి చిన్న రొయ్యపిల్లల్లాంటి యాంఫిపాడ్లు బయటికి రావాలి. నేను అంగుళం అంగుళం వెతికాను. ఒక్కటీ లేదు.

"అద్దం మీద తెల్ల చుక్కలు ఎప్పుడైనా చూశారా సార్?" అన్నాను.

"మొదట్లో బోలెడుండేవి. దీపావళి తర్వాత పోయాయి. ట్యాంకు కుదురుకుంది, శుభ్రపడింది అనుకున్నా."

అప్పుడు వరసంతా కలిసింది. నత్తలు, ష్రింప్‌లు, కోపెపాడ్లు, జొయాంథిడ్స్, అన్నీ వెన్నెముక లేనివే. వెన్నెముక ఉన్నవి మూడూ బాగున్నాయి. బాగుండటమేమిటి, ఒంటి మీద ఒక్క మచ్చ లేదు, పురుగు లేదు. ఉప్పదనమో అయోడినో అయితే ఇలా గీత గీసినట్టు విడదియ్యదు. ఇలా విడదీసేది రాగి. చేపల పురుగుకి మనం ఇచ్చే మందే అది. అయానిక్ కాపర్ అయితే లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములు పట్టిస్తాం, చేప తట్టుకుంటుంది, పురుగు చస్తుంది. ఆ మోతాదులో వెన్నెముక లేని జీవి దాదాపు ఏదీ బతకదు. విచిత్రమేమిటంటే రొయ్యల రక్తంలో, చాలా నత్తల రక్తంలో ఆక్సిజన్ మోసేది రాగే. మనకి ఇనుము ఎలాగో వాటికి రాగి అలాగ. కానీ నడి సముద్రంలో అది లీటరుకు ఒక మైక్రోగ్రాము కూడా ఉండదు. అంత కొంచెం ఉన్నచోట ఏరుకుని బతకడానికి అలవాటుపడ్డ ఒళ్లు వాటివి.

డిజిటల్ కాపర్ మీటరు తెచ్చి కొలిచాను: 0.11.

రాగి దొరికింది, దారి దొరకలేదు

సార్ వెంటనే గుర్తుచేసుకున్నారు. రెండేళ్ల కిందట డిస్కస్‌లకి పురుగు పడితే అదే ట్యాంకులో కాపర్ మందు వేశారు. అద్దాల మధ్య సిలికాన్‌లో ఇంకి ఉండొచ్చు, ఇప్పుడు మెల్లగా దిగుతుండొచ్చు. మందు డబ్బా కూడా వెతికి తెచ్చారు. ఆయన మొహం చూస్తే ఈ ప్రాణులన్నిటినీ తన చేత్తో చంపినంత బాధగా ఉంది. ఆ వివరణ నాకు సరిపోయినట్టే అనిపించింది. ఒక్క ముల్లు మాత్రం గుచ్చుకుంటూ ఉంది: పాత మందే అయితే సెప్టెంబరులో వేసిన ష్రింప్‌లు రెండున్నర నెలలు ఎలా బతికాయి? దిగడం మెల్లగా మొదలైంది కాబోలని సర్దిచెప్పుకున్నాను.

యాభై లీటర్ల చొప్పున రెండు వాటర్ చేంజ్‌లు చేశాం. 210లో 50 తీసి పోస్తే మిగిలేది 76 పాళ్లు, రెండోసారికి 58. అంటే 0.11 కాస్తా 0.06కి రావాలి. రాళ్లలోంచి కొంత తిరిగి దిగినా 0.08 దాటకూడదు.

0.13 వచ్చింది.

మీటరు తప్పేమోనని మూడుసార్లు కొలిచాను. మళ్లీ 0.13. పాత మరక కడిగిన కొద్దీ పలచబడుతుంది, చిక్కబడదు. కడిగే నీళ్లతోనే వస్తోందన్నమాట. ఇంత చిన్న లెక్క నాకు రెండు వాటర్ చేంజ్‌ల ముందే తట్టాల్సింది.

ఆ సాయంత్రం వంటింటి గట్టు మీద మూడు గాజు గ్లాసులు పెట్టాం. ఒకదాంట్లో నేరుగా కుళాయి నీళ్లు. రెండోదాంట్లో సార్ ట్యాంకుకి వాడుతున్న ఆర్‌ఓ నీళ్లు. మూడోదాంట్లో ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్‌లో మెరైన్ సాల్ట్ కలిపింది. ఉప్పులోంచి వస్తోందా అన్నది కూడా తేలాలి కదా. రాగి ఉంటే రంగు తేల్చే పొడి పొట్లం చింపి ఒక్కోదాంట్లో వేసి తిప్పాను. మొదటిది తెల్లగానే ఉంది. మూడోదీ అంతే. మధ్య గ్లాసు నేను చూస్తుండగానే లేత ఊదా రంగుకి తిరిగింది. మీటరులో పెడితే 0.30.

"ఆర్‌ఓ నీళ్లలో రాగేంటి సార్" అని ఆయన అంటుండగానే, వెనకాల పొయ్యి దగ్గరున్న ఆవిడ అన్నారు: "ఏవండీ, అది దసరా ఆఫర్‌లో కొన్న మెషీను కదా. నీళ్లలో రాగి కలుపుతుందనే కదా రెండువేలు ఎక్కువ పెట్టి తీసుకున్నాం."

కాసేపు ఎవరం ఏమీ మాట్లాడలేదు. మెషీను ముందు మూత తీసి చూశాను. మెంబ్రేన్ తర్వాత ఇంకో గొట్టం, దాని మీద ఇంత అక్షరాలతో 'కాపర్' అని రాసి ఉంది. దసరా దాకా బాల్కనీలో క్యాన్లు వచ్చేవి. మెషీను వచ్చాక దాని కుళాయి నుంచే పట్టుకోవడం మొదలుపెట్టారు. పెన్ను ముంచితే 60 వచ్చింది, డిస్కస్‌కే సరిపోయే నీళ్లు, ఇంకేం చూడాలి?

మెషీనుది తప్పు కాదు. రాగిచెంబులో రాత్రి నీళ్లు పోసి పొద్దున తాగే ఇళ్లు మనవి. తాగునీటికి బీఐఎస్ ప్రమాణంలో రాగి లీటరుకు 0.05 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదనీ, వేరే దారి లేకపోతే 1.5 దాకా అనుమతించవచ్చనీ ఉంది. 0.30 మనుషులకు ఏ ఇబ్బందీ కాదు. రొయ్యకు మాత్రం అది రోజూ వేసే విషం.

లెక్క వేసి చూపించాను. ఆవిరై పోయేది రోజుకి రెండున్నర లీటర్లు. నీళ్లు పోతాయి, రాగి పోదు. అక్టోబరు మధ్య నుంచి నాకు ఫోన్ వచ్చేదాకా ఎనభై రోజుల టాప్‌అప్ (ఆవిరైన మేరకు తిరిగి పోసిన నీళ్లు), 200 లీటర్లు, 60 మిల్లీగ్రాములు. పదిహేను రోజులకోసారి 20 లీటర్ల వాటర్ చేంజ్‌తో ఇంకో 30. మొత్తం 90ని 210తో భాగిస్తే 0.4 దాటాలి. నీళ్లలో మేం చూసింది అందులో నాలుగో వంతే. మిగతాదంతా ఇసకలో, రాళ్లలో కూర్చుంది. కార్బోనేట్ రాయి రాగిని పట్టుకుంటుంది, తర్వాత వదులుతుంది కూడా.

బాగుచెయ్యడం

మొదటి నిర్ణయం నీళ్లు. నాలుగు దశల ఆర్‌ఓ-డీఐ యూనిట్ (ఆర్‌ఓ తర్వాత మిగిలిన లవణాలని కూడా డీఐ రెసిన్‌తో తీసేసేది) విడిగా కొని, వంటింటి మెషీనుతో సంబంధం లేకుండా వాష్ ఏరియా కుళాయికి పెట్టాం. వేస్ట్ నీళ్లు బకెట్లలో పట్టి ఇల్లు తుడవడానికి వాడుతున్నారు. చివర డీఐ రెసిన్ దాటాక పెన్నులో 0 రావాలి, 1 వచ్చిన రోజు రెసిన్ మార్చాలి. ఇక్కడ ఆయన పెన్నుకి మళ్లీ విలువ వచ్చింది. నీళ్లలో ఎంత కరిగిందో అది చెబుతుంది, ఏం కరిగిందో చెప్పలేదు. 60లో ఏమున్నాయో ఎవరికీ తెలియదు. సున్నాలో ఏమీ లేదు కాబట్టి అడగక్కర్లేదు.

రెండోది, మొత్తం ఖాళీ చేసి మళ్లీ మొదలుపెట్టాలా వద్దా. సార్ సిద్ధపడ్డారు. నేను వద్దన్నాను. రాళ్లు తీసేస్తే బ్యాక్టీరియా పోతుంది, మూడు చేపలకీ మళ్లీ జూలై నాటి గతి పడుతుంది. ఇసక మాత్రం తియ్యాలి. సన్నటి రేణువులు, రాగి కూర్చునే చోటు దానికే ఎక్కువ, పైగా పోయినా కొనుక్కోవచ్చు. మూడు విడతల్లో, పది రోజుల ఎడంతో, వాటర్ చేంజ్ చేసేటప్పుడే గొట్టంతో పీల్చి తీసేశాం. ఒక్కసారిగా కదిపితే అడుగున ఉన్న చెత్తంతా లేచి అమ్మోనియా పెరుగుతుంది.

సంపులో రాగిని పట్టే రెసిన్ సంచి ఒకటి, యాక్టివేటెడ్ కార్బన్ ఒకటి. ఐదు రోజులకోసారి 50 లీటర్లు. నాలుగు మార్పుల తర్వాత 0.05. అక్కడ రెండు వారాలు ఆపి చూశాం. 0.07కి ఎక్కింది. సార్ కంగారుపడ్డారు, నేను పడలేదు. ఈసారి ఎందుకు ఎక్కిందో తెలుసు. నీళ్లు పలచబడగానే రాళ్లు తమలో ఉన్నది వదిలాయి. అలా వదలడమే మాకు కావాలి, రెసిన్ పట్టుకుంటుంది. సంచి మార్చి మళ్లీ మొదలుపెట్టాం. మార్చి నెలాఖరుకి 0.02. ఆ కిందికి వెళ్తే నా మీటరు మాట నేనే నమ్మను.

అందుకే దాని తర్వాత మీటరుతో కాక ప్రాణులతోనే చూడాలనుకున్నాం. ష్రింప్‌ని పెట్టి పరీక్షించడం నాకు ఇష్టం లేదు, అప్పటికే చాలా పోయాయి. నా దగ్గరున్న ఇంకో ట్యాంకు నుంచి గుప్పెడు కీటోమార్ఫా నాచు తెచ్చి సంపులో వేశాను. దాంట్లో కోపెపాడ్లు కుప్పలుగా ఉంటాయి. మూడు వారాలకి ఒక రాత్రి పదింటికి వీడియో వచ్చింది. అద్దం మీద టార్చి వెలుగు, సార్ ఊపిరి వినిపిస్తోంది, తెల్ల చుక్కలు గెంతుతున్నాయి. కింద 'లెక్కపెట్టలేకపోయాను' అని రాశారు.

ఏప్రిల్‌లో రెండు నత్తలు. ఎండలు ముదిరాక చిల్లర్ పెట్టించాం, డిస్కస్ నాటి 30 డిగ్రీలు ఇక్కడ పనికిరావు. అదే వేడిలో ఉప్పునీళ్లు మంచినీళ్ల కంటే దాదాపు ఐదోవంతు తక్కువ ఆక్సిజన్ పట్టుకుంటాయి. మే నెలలో ఒక క్లీనర్ ష్రింప్, రెండున్నర గంటల డ్రిప్‌తో. జూన్‌లో ఇంకొకటి. జొయాంథిడ్స్ మూడొంతులు పోయాయి, మిగిలిన ఐదు తలలూ విచ్చుకున్నాయి.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి

ప్రతిసారీ నీళ్ల దగ్గర మొదలుపెడతాను. 'ఆర్‌ఓ' అన్న మాట రాసుకోను. ఏ కుళాయి, ఏ మెషీను, ఎప్పుడు కొన్నారు, లోపల ఎన్ని గొట్టాలు, చివరి గొట్టం మీద ఏం రాసి ఉంది అని రాసుకుంటాను. కుదిరితే మూత తీసి చూస్తాను. పోయినసారి అంకెకీ ఈసారి అంకెకీ తేడా ఉంటే, అది చిన్నదైనా, కారణం తెలిసేదాకా సంచి సర్దుకోను. ప్రశ్నలు ట్యాంకు యజమానిని ఒక్కణ్నే అడగను, ఇంట్లో నీళ్లు పట్టేవాళ్లని కూడా అడుగుతాను. ఆవిడని జనవరిలోనే ఒక్క మాట అడిగి ఉంటే రెండు ష్రింప్‌లు బతికేవి.

పాతకాపులు వచ్చినప్పుడు వాళ్లు బాగా చేసే పనులే ముందు అడుగుతున్నాను. సార్ ప్రతి అలవాటూ డిస్కస్‌కి సరైనదే. వారంలో రెండుసార్లు సగం నీళ్లు మార్చే ట్యాంకులో రాగి పేరుకునే వ్యవధే ఉండదు. అదే చెయ్యి పదిహేను రోజులకి 20 లీటర్లు మార్చే ట్యాంకులో పడేసరికి ప్రతి టాప్‌అప్ గ్లాసూ అందులోనే మిగిలిపోయింది. తెలియనివాడైతే నీళ్ల గురించి నన్ను పదిసార్లు అడిగేవాడు. ఆయనకి తెలుసు కాబట్టి అడగలేదు, ఆయనకి తెలుసన్న నమ్మకంతో నేనూ అడగలేదు.

కొత్త మెరైన్ ట్యాంకుకి నెలకోసారైనా రాత్రిపూట వెళ్తున్నాను. పగలు శుభ్రంగా కనిపించే ట్యాంకు బాగున్నట్టని ఇప్పుడు అనుకోవడం లేదు.

రాళ్లలో ఇంకా కొంత రాగి ఉందనే నా అంచనా. రెసిన్ సంచిని రెండు నెలలకోసారి మారుస్తున్నాం, తీసినప్పుడు అది ఇంకా కొంచెం రంగు మారే వస్తోంది. అందుకని కొత్త పగడాలు ఏవీ పెట్టొద్దని సార్‌కి చెప్పాను. ఏటా రెండేసి రాళ్లు తీసి కొత్తవి పెట్టాలని రాసుకున్నాం, మొదటి రెండూ ఈ నెలలో మారాయి. ష్రింప్‌లు రెండూ పొర విడిచాయి. పెద్దదాని పొట్ట కింద పచ్చటి గుడ్లున్నాయని ఆవిడే ఫోన్ చేసి చెప్పారు.